పట్నం మబ్బు, మిల్లు పొగ

జూన్ 9, 1991
ఈ రోజూ ఆరబోత బంద్. తెల్లవారగానే సేటు హైదరాబాద్‌లో ఉన్న బావమరిదికి ట్రంకు కాల్ చేశాడు. "ఆడ మబ్బు పట్టిందా? అయితే సాయంత్రానికి మన మిర్యాలగూడకొస్తది." ఫోన్ పెట్టేసి నాకు వద్దని చెయ్యి ఊపాడు. ఇక్కడేమో సిమెంటు కళ్లం మీద కాలు పెట్టలేనంత ఎండ. చేరి మూడు నెలలు, పట్నంలో ఆకాశం ఎలా ఉంటే మా మిల్లు అలా నడుస్తోంది. ఉప్పుడు బియ్యానికని ఉడికించిన వడ్లు నిన్నటి నుంచి షెడ్డులో కుప్పగా...

జూన్ 10
మళ్లీ అదే ఫోన్. పట్నంలో జల్లు పడిందట. ఇక్కడ చుక్క లేదు. కుప్పలో చెయ్యి పెడితే వేడి, పులిసిన వాసన. ఇంకో రోజు ఇలాగే ఉంటే మొత్తం పాడు. అప్పుడు సేటు తన ఫోన్‌ను తిట్టుకోడు, సూపర్‌వైజర్‌నైన నన్ను తిడతాడు. ఈ ఉద్యోగం పోతే సూర్యాపేటలో మామగారి బట్టల కొట్టులో కూర్చోవాలి, ఆయన మాటలు పడుతూ... వద్దు బాబోయ్.

జూన్ 11
సేటు ఎవరిదో పెళ్లికని పొద్దున్నే కోదాడ వెళ్లాడు. వెళ్తూ, "పట్నంల ఇంకా మబ్బేనట. ఒడ్లు ముట్టకు."

కళ్లంలో కాళ్లతో వడ్లు తిరగేసే ఆడవాళ్లకు ఎల్లమ్మ పెద్ద. గుప్పెడు వడ్లు తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. "సూడు సారూ. పట్నం వాన పట్నంలనే పడనీ. గా పొగ సూడు." బాయిలర్ గొట్టం పొగ నిటారుగా పోతోంది. వాన వచ్చే రోజు అది వంగి కళ్లం మీదికే దిగుతుందట. ఇరవై ఏళ్లుగా ఆ పొగ కిందే పనిచేస్తున్న మనిషి.

కళ్లం మీద పోయమన్నాను.

అదే రోజు, సాయంత్రం
మూడింటికి కోదాడ వైపు నల్లగా కమ్ముకుంది. నా పని అయిపోయిందనుకున్నా. కుప్ప చేయమని అరిచాను. ఎల్లమ్మ వడ్లలో కాళ్లీడుస్తూ చాళ్లు తీస్తూనే ఉంది. "జర ఆగు సారూ. అది నడిగూడెం దిక్కు పోయే మబ్బు. పొగ వంగలే."

మెడ నొప్పి పుట్టేదాకా పొగనే చూస్తూ నిలబడ్డాను. మబ్బు అటునుంచి అటే పోయింది. ఐదింటికి గింజ కొరికితే టక్కుమంది. అమ్మయ్య. షెడ్డు వెనక్కి పోయి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఆరింటికి సేటు దిగాడు, నిలువునా తడిసి. కోదాడలో దంచికొట్టిందట.
"ఒడ్లు?"
"ఎండినయ్ సేటూ."
ఒక గింజ కొరికి చూసి లోపలికి పోయాడు. తిట్టలేదు! మూడు రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను.

జూన్ 12
ఒళ్లు తెలియని నిద్ర. ఇంకేం లేదు రాయడానికి.

జూన్ 13
కొత్తగా ఉడికించిన వడ్లు ఆవిరి కక్కుతున్నాయి. ఏడు గంటలయినా సేటు ఫోన్ ముట్టుకోలేదు. బయటికొచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ఏమయ్యా, ఇయ్యాల ఆరబోద్దమా? నువ్వే చెప్పు."

గొట్టం వైపు చూశాను. పొగ కొంచెం వంగినట్టే ఉంది... లేనట్టే ఉంది. సేటు నా ముఖమే చూస్తున్నాడు. నేను గేటు వైపు చూస్తున్నాను. ఎల్లమ్మ ఇంకా రాలేదు.