నానీ ఫోన్‌లో పచ్చ రంగు

అమ్మీకి నీ కొడుకు ముదస్సిర్ సలాములు.

“చదువుకోనోనికి చదువు విలువ ఏం తెలుస్తాదిరా” అని నిన్న ఫోన్‌లో అన్నావు. అని పెట్టేశావు. నేను మళ్లీ చేస్తే ఎత్తలేదు. మేడమ్ పనికి పిలిచిందో, బాత్రూంలో కూర్చుని ఏడ్చావో తెలీదు. ఆ మాటకు జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఫోన్‌లో అయితే ఇద్దరం అరుచుకోవడమే అవుతుంది. కాగితాన్ని అయితే మధ్యలో కట్ చెయ్యలేవు కదా.

నానీ, చెల్లెలు ఆర్షియా, నేను బాగున్నాం. నువ్వు కూడా బాగున్నావని తలుస్తాను అని రాయాలి. నిన్న నీ గొంతు విన్నాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

సెలవుకు వచ్చిన హసీనా ఖాలా ఈ పొద్దు మళ్లీ కువైట్‌కు బయల్దేరుతోంది. మన ప్రొద్దుటూరులో ఎవరు కువైట్ పోతున్నా నాలుగిళ్ల మూటలు వాళ్ల పెట్టెలో పోవాల్సిందే కదా. నీ మూటలో కారంపొడి, నువ్వుల పొడి, మోకాళ్లకు రాసుకునే నూనె, బొరుగులు ఉన్నాయి. బొరుగులు చూసి ఖాలా నవ్వింది. “ఏముందమ్మా దీంట్లో, గాలి తప్ప? పెట్టె నిండిపోతాది” అంది.

“నా కూతురికి గాలే పంపిస్తాండా. మా ఇంటి గాలి. దానికేమన్నా బరువుండాదా?” అంది నానీ.

ఖాలా తన చీర ఒకటి తీసి పక్కన పెట్టి బొరుగులు సర్దుకుంది. చెన్నై ఎయిర్‌పోర్టు దాకా ఆమెతో పాటు కారులో నేనూ పోతున్నాను.

పోయినసారి నువ్వు అడిగినవాటికి చెప్తాను. మిద్దె కారడం ఆగింది. సిమెంటు నేనే పూశాను, కొంచెం వంకరగా వచ్చింది, నువ్వు చూస్తే తిడతావు. నానీ మాత్రలు వేసుకుంటోంది. “మీ నానీ తెల్లారుజామున ఫోన్ చేసేది మానేసింది, నా మీద అలిగిందా?” అని అడిగావు. అలగలేదు అమ్మీ. దాని వెనక ఒక కథ ఉంది. నిన్న మనం కొట్లాడింది కూడా దాని గురించే, నీకు తెలీకపోయినా.

నానీ సంగతి నీకు తెలుసు కదా. ఇక్కడ ఫజర్ అజాన్ వినపడగానే “దిల్షాద్ కూడా లేచుంటాది” అని నీకు ఫోన్ చేసేది. అక్కడ అప్పుడు ఇంకా రాత్రి రెండు గంటలే అవుతుందని, నువ్వు అప్పుడే నడుం వాల్చి ఉంటావని ఎన్నిసార్లు చెప్పినా నమ్మేది కాదు. “అజాన్ అందరికీ ఒకటే కదరా, ఈ సైతాన్ గడియారాలు ఎవురు పెట్టినారు?” అని నా మీదే లేచేది. నీ ఫోన్ మోగి మేడమ్ పిల్లలు లేస్తే తిట్లు పడేది నీకు. నువ్వు చెప్పలేదు, హసీనా ఖాలా చెప్పింది.

ఆ మాట ఆర్షియా విన్నది. నా పాత ఫోన్, ఆ అద్దం పగిలినది, దాని దగ్గరే ఉంది. ఎప్పుడు చూసినా అందులో తల పెట్టుకుని ఉండేది. “ఏందే, రీల్స్ చూసి చూసి కండ్లు పోగొట్టుకుంటావా” అని నేను అరిచేవాడిని. అది రీల్స్ చూడటం లేదంట. వీడియోలు చూసి నేర్చుకుని, ఆ పగిలిన అద్దం మీదే వేలితో కొట్టి కొట్టి ప్రోగ్రామ్ రాస్తోందంట. ఒకరోజు నానీ ఫోన్‌లో ఏదో పెట్టి ఇచ్చింది. తెరిస్తే అడ్డంగా ఒక పట్టీ. నువ్వు నిద్రపోయే టైము నలుపు. పనిలో ఉండే టైము ఎరుపు. ఫోన్ చెయ్యొచ్చు అనే టైము పచ్చ. అక్కడి టైము అదే లెక్క వేసుకుంటుంది. నానీకి చదువు రాకపోయినా రంగులు తెలుసు కదా. నీ పని వేళలన్నీ ఖాలాను అడిగి రాసుకుంది పాప. నాకు ముక్క కూడా చెప్పలేదు.

అప్పటి నుంచి నానీ అజాన్‌కు ఫోన్ చెయ్యదు. తస్బీ పూసలు తిప్పుకుంటూ ఆ పట్టీని చూస్తూ కూర్చుంటుంది. “ఈ ఎర్రది మీ అమ్మ మేడమా? శానా పొడుగుండాది ముండ” అంటుంది. పచ్చ రాగానే “వచ్చె, వచ్చె” అని కేకేస్తుంది, బస్సు వచ్చినట్టు.

నేను ఆ పట్టీని చూసి మెచ్చుకోలేదు. నాకు అందులో ప్రోగ్రామ్ కనపడలేదు. నీ రోజు కనపడింది. నల్లది పొట్టి. పచ్చ వేలు మందం కూడా లేదు. మిగతాదంతా ఎరుపే. నువ్వు అక్కడ ఎట్లున్నావో ఇంతకాలం మాటల్లో విన్నాను గానీ కంటితో చూడలేదు. చెల్లెలు నాకు చూపించింది.

ఇక చదువు సంగతి. దానికి పులివెందుల కాలేజీలో కంప్యూటర్ సీటు వచ్చిందని తెలిసినప్పటి నుంచి నువ్వు ఒకటే మాట. దాని చదువు అయ్యేదాకా అక్కడే ఉంటానని, మేడమ్‌తో ముందుగా ఇంకో రెండేండ్లకు ఒప్పుకుంటానని. నేను ఆ చదువు దండగ అన్నాను. వివేక్‌ను చూపించాను. నాతో పాటు పార్సిళ్లు ఇచ్చే జమ్మలమడుగు అబ్బాయి, కంప్యూటర్ బీటెక్ చదివాడు. నేను తొమ్మిదిలో బడి మానేశాను. ఇద్దరి బండ్లకూ సంచులు ఒకటే, ఎండ ఒకటే. ఇంక ఆ చదువు ఎందుకు అన్నాను నీతో.

ఆ వివేక్‌నే అంతకుముందే ఒకరోజు టీ అంగడి కాడ, ఈ చదువు దండగే కదా అని అడిగాను. వాడికి కోపం వచ్చింది.

“నన్ను చూపించి మీ పాపను ఆపుతావేందప్పా? మా వీధిలో అందరూ కంప్యూటరే చేరినారని నేనూ చేరినా. పరీక్షకు ముందు రోజు బట్టీ పట్టినా. ఒక్కటంటే ఒక్క ప్రోగ్రామ్ సొంతంగా రాయలే. నేను బట్టీ పట్టిందంతా ఇప్పుడు ఏఐ మిషనే రాస్తాంది. నా అవసరమేముండాది వాళ్లకు?”

“మరి మా పాపకు ఉద్యోగం వస్తాదా?”

“నాకే రాలేదు, నన్నడిగితే ఎట్లప్పా?” అని నవ్వాడు. నేను నానీ ఫోన్ సంగతి చెప్పాను. టీ గ్లాసు కింద పెట్టి, “ఎవురూ చెప్పకుండానే చేసిందా? మీ నానీకి చదువు రాదని రంగులు పెట్టిందా?” అని రెండుసార్లు అడిగాడు. “నాలుగేండ్లలో నాకు అట్లాంటిది ఒక్కటి తోచలేదప్పా. ఉద్యోగం సంగతి దేవుడెరుగు. చేర్పించు” అన్నాడు. బండి తీసేటప్పుడు నా ముఖం చూడలేదు.

కాబట్టి అమ్మీ, నిన్న నేను దండగ అన్నది అబద్ధం. ఆ చదువుకు విలువ లేదంటే నువ్వు అక్కడ ఉండటానికి సాకు ఉండదనుకున్నాను. నిన్ను రప్పించడానికి నాకు వేరే దోవ తెలీలేదు. ఆ చదువు మంచిదో కాదో నాకు నిజంగా తెలీదు. నువ్వే చెప్పావు కదా, నాకేం తెలుస్తుందని. కానీ దాని ఖరీదు నువ్వు కాకూడదు. ఆ ఒక్కటి నాకు తెలుసు.

నిన్న స్పీకర్ పెట్టి మాట్లాడటం నా తప్పు. ఆర్షియా గోడ అవతల నుంచి అంతా విన్నది. ఈ పొద్దున నానీ తన ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. “పచ్చ రాలేదేందిరా? ఎర్రదీ లేదు, నల్లదీ లేదు. మీ అమ్మకేమన్నా అయిందా?” అంది.

ఆర్షియాను అడిగాను. బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

“దండగ పని కదా భాయ్. తీసేసినా.”

“ఏందే ఇది?”

“నేను పులివెందులకు పోను. ఈడనే ఏదో ఒక డిగ్రీలో చేరతా. అమ్మీని వచ్చేయమను. నువ్వు కోరేది అదే కదా, ఇంకెందుకు అరుస్తాండావు?”

నేను నెగ్గాను అమ్మీ. అంత ఘోరంగా నేనెప్పుడూ ఓడిపోలేదు.

అప్పుడు దానికి చెప్పాను. నీకు కూడా ఇప్పుడు చెప్పాలి. నేను చెన్నై పోతున్నది ఖాలాను దిగబెట్టడానికి కాదు. నాది కూడా విమానమే. రియాద్‌లో ఒక ఇంట్లో డ్రైవర్ పని. ఆ పట్టీని చూసిన మర్నాడే వీసాలు ఇప్పించే జియావుల్లా మామూ దగ్గరికి పోయాను. కువైట్‌కే అడిగాను, దొరకలేదు. దొరికి ఉంటే నిన్ను ఒక్కసారి చూసేవాడిని.

నువ్వు పోయిన రోజు నా చెయ్యి నీ తల మీద పెట్టించుకున్నావు. “మన ఇంట్లో ఇమానం ఎక్కేది నేనొక్కదాన్నే. నువ్వు ఎక్కనని కసమ్ చెయ్” అన్నావు. ఒట్టు పెట్టాను. టైర్ల అంగట్లో నిలవలేదు, అరటి గెలలు మోసేకాడ నిలవలేదు, ఈ ఒక్క మాట మీదైనా నిలుస్తానని నువ్వు నమ్మావు. నన్ను తిట్టు. కానీ మేడమ్‌తో ఒప్పుకోవద్దు. వచ్చెయ్. నువ్వు వచ్చేసరికి నేను ఇంట్లో ఉండను, అది తెలిసే పోతున్నాను. వంకర సిమెంటు చూసి తిట్టుకో, నాకు అదే చాలు.

ఆర్షియా విని ఏడవలేదు. పోయి నా పెట్టె మీద కూర్చుంది. “ఎత్తుకో ఇప్పుడు, మొగోనివి కదా” అంది. శానా సేపు దిగలేదు. దిగినాక నానీ ఫోన్ తీసుకుంది. ఇప్పుడు అందులో రెండు పట్టీలు ఉన్నాయి. పైది నీది, కిందిది నాది. “నీ ఎరుపు యాడి నుంచి యాడి దాకా భాయ్?” అని అడిగింది. నాకు తెలీదన్నాను. అందుకని మొత్తం ఎరుపే పెట్టింది. పోయి చూసి చెప్తే అప్పుడు పచ్చ పెడుతుందంట. నీ పట్టీ నువ్వు గడప లోపలికి వచ్చాకే తీస్తుందంట. కాలేజీలో చేరతానని నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

నానీకి ఇంకా చెప్పలేదు. రేపటికి వచ్చేస్తాననుకుని నాకు అన్నం మూట కడుతోంది. కింది పట్టీ ఎవరిదే అని అడిగితే ఏం చెప్పల్ల అంది ఆర్షియా. నేను ఆలోచించి చెప్తానన్నాను. ఏం చెప్పాలో నువ్వే...

కారు వచ్చింది. ఖాలా పిలుస్తోంది. పోవల్ల అమ్మీ.

ఇట్లు,
మాట తప్పిన నీ కొడుకు
ముదస్సిర్