పోయినవాళ్లకి దోమతెరలు

చంతూ మేడమ్ గారికి,

స్టంగ్ ట్రెంగ్ మందుల గోదాము చూసేవాణ్ణి, ఇక్కడి ఆసుపత్రి వరండా నుంచి రాస్తున్నాను. వచ్చే ఏటి దోమతెరల ఆర్డరు మీద సంతకం పెట్టేముందు ఇది చదవండి.

నది అవతలి ఊరికి పెద్దల పండక్కి ముందు తెరలు నేనే పడవలో చేర్చాను. అయినా మలేరియా తగ్గలేదంటే సరుకు నాసిరకమేమోనని నిన్న వెళ్లాను. ఏ ఇంట్లోనూ ఒక్క తెర కట్టి లేదు. అమ్ముకున్నారనుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ ఊరి సరూన్ అవ్వ నన్ను బౌద్ధమఠానికి తీసుకెళ్లింది. బుద్ధుడి ముందు నడుమెత్తున మన తెరలు, కట్టయినా విప్పకుండా!

"భిక్షువులకిస్తే పోయినవాళ్లకి చేరుతుంది కద బాబూ. మా ఆయన ఈ జ్వరంతోనే పోయాడు. అక్కడైనా ఆయన్ని దోమలు కుట్టకూడదు" అంది.

ఆవిడ చంకలో మనవరాలు వణుకుతోంది.

పెద్ద భిక్షువు వెనక్కి తీసుకెళ్లమని బతిమాలినా ఊళ్లోవాళ్లు ఒక్కరూ ముట్టుకోలేదు. "పెట్టింది లాక్కుంటే పోయినవాళ్లు ఊరుకుంటారా?" అని నన్నే కసిరారు. మా అమ్మ కూడా కొత్త చాప కొంటే ముందు మఠానికే పంపుతుంది. గోదాములో కూర్చున్నప్పుడు అది నాకెందుకు తట్టలేదో!

పిల్లని నా పడవలోనే ఆసుపత్రికి తెచ్చాను. ఇంకా కళ్లు తెరవలేదు.

ఈసారి ఆ ఊరికి రెండింతలు పంపండి, మేడమ్. పోయినవాళ్ల వాటా పండక్కి ముందే చేరాలి. వాళ్లకి అందాకే బతికున్నవాళ్లు తెర కింద పడుకుంటారు. మనం ఆ ఇళ్లలో బతికున్నవాళ్లనే లెక్కేశాం.

మీ జవాబు కోసం ఆసుపత్రి వరండాలోనే ఉంటాను.