చిలకల గోల

కూలాబరీ పశుక్షేత్రం, క్వీన్స్‌లాండ్
ఆగస్టు 1996

అమ్మకు,

కంప్యూటర్ తీగ పీకేశాను, అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఇక్కడి పశుక్షేత్రాల ఆడవాళ్ళందరం ఇంటర్నెట్‌లో ఒక గుంపుగా రాసుకుంటున్నామని చెప్పాను కదా. మొన్న నా స్నేహితురాలు కోరల్ ఒక్కదానికే అనుకుని గుంపంతటికీ పంపేశాను: "కరువుకి మంద అమ్మేశాక రస్ నాతో మాట మానేశాడు. పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోవాలనుంది." జిల్లా అంతా చదివి ఉంటుంది. నా మొగుడికే ఇంకా తెలియదు. అందరూ చేరే గుర్రప్పందాలకి ఇక ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? నిజంగానే వచ్చేద్దామా అనిపిస్తోంది. నీ దగ్గర చోటుందా?

నీ జెనీన్


యెప్పూన్

తల్లీ జెనీన్,

చోటుకేం, బోలెడుంది. పెట్టె సర్దేముందు ఇది చదువు.

నీ ఇంటర్నెట్ ఏదో కొత్త వింత అనుకోకు. మా అత్తగారి రోజుల్లో పది ఇళ్ళకీ ఒకటే టెలిఫోన్ తీగ. గంట ఎవరికి మోగినా అందరూ ఎత్తి వినేవాళ్ళు. తర్వాత మా రేడియో, మీట నొక్కి మాట్లాడితే అన్ని ఇళ్ళలోనూ వినపడేది. పొద్దున్నే విమానం డాక్టరు గారికి రోగాలు చెప్పుకోవడం అయ్యాక ఆడవాళ్ళం కబుర్లాడుకుంటే, చిలకల గోల అని మగవాళ్ళు వెక్కిరించేవాళ్ళు. మరి డెబ్బైల్లో లారీలకి కూడా అలాంటి రేడియోలొస్తే మీ నాన్న చేసిందేమిటి? 'ఎర్రదున్న' అని తనకో పేరు పెట్టుకుని, పక్క గేటు దగ్గరున్నవాడితో కూడా అందులోనే అరిచాడు. మోజు తీరాక కోళ్ళ షెడ్డులో పడేశాడు.

ఇక నీకెప్పుడూ చెప్పనిది. నీకు ముందు నాకొక బిడ్డ పుట్టి పోయాడు. ఆ నెలలో ఒకరోజు రేడియో మీట ఆపడం మరిచిపోయి, "ఈ దుమ్ములో ఇంకొక్క పూట ఉండను నెవిల్, నన్ను బ్రిస్బేన్‌లో దింపెయ్" అని మీ నాన్న ముందు గొంతు చించుకుని ఏడ్చాను. అందరూ విన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు రేడియోలో ఆ ఊసు ఒక్కరూ ఎత్తలేదు. రొట్టె కాల్చడంలో ఆ చుట్టుపక్కల మేటి అయిన డల్సీ, "థెల్మా, ఉన్నావుటే? నా పిండి పొంగి చావటం లేదు, కాస్త ఉపాయం చెప్పవే" అంది. నాకా, గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు! ఇంకొకావిడ గౌను కుట్టడం అడిగింది. వాళ్ళకన్నీ తెలుసు. నన్ను అడక్కపోతే పొద్దుగడవనట్టు ఏడాది పొడుగునా నటించారు. ఆ తల్లుల రుణం ఈ జన్మలో తీరదు. నువ్వూ ఆ తీగ పెట్టి చూడు. వాళ్ళేం రాశారో చూడకుండా మాత్రం రాకు.

అమ్మ


కూలాబరీ

అమ్మకు,

తీగ పెట్టాను. ఒక్కరూ సలహా ఇవ్వలేదు. "మా ఇంట్లోనూ అంతే, మాటా పలుకూ లేదు" అని రాసినవాళ్ళే సగంమంది. నేనొక్కదాన్నే అనుకున్నానమ్మా. చదువుతూ ఏడుస్తుంటే రస్ వెనకాల నిలబడి ఉన్నాడు. నేను రాసిందీ వాళ్ళు రాసిందీ అంతా చదివేశాడు. అరుస్తాడనుకున్నాను.

"మంద పోయినందుకు కాదే నోరు మూసుకుంది," అన్నాడు. "నోరు తెరిస్తే, ఇక్కడేం మిగల్లేదు, వెళ్ళిపొమ్మని చెప్పాలి. నువ్వు సరేనంటావేమోనని భయం."

కూర్చోబెట్టి టీ పోశాను. వెళ్ళనని చెప్పాను. నీకూ, ఆ ఆడవాళ్ళందరికీ ఎలా దణ్ణం పెట్టాలో తెలియటం లేదు. రస్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. పిల్లలు గుమ్మంలో నిలబడి వాళ్ళ నాన్న గొంతు వింటున్నారు.

జెనీన్