నీ సైన్యానికి రంగు పడింది

శీనూ,

బల్ల మీద యుద్ధమాడటానికి కొని, రంగు వెయ్యకుండానే నువ్వు వదిలి వెళ్లిన బొమ్మ సైనికులందరికీ ఈ రోజు రంగు పడిందిరా. నందిగామలో బైకు ట్యాంకులకు పెయింట్ వేసే నీ స్నేహితుడు బాషా, నీ సంవత్సరీకమని గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ పట్టుకుని జగ్గయ్యపేట వచ్చాడు. అందర్నీ అట్టముక్క మీద వరసగా అంటించి బుస్సుమని కొట్టాడు. టీ చల్లారేలోపు సైన్యమూ, ఆటకని నువ్వు చెక్కిన థర్మకోల్ కొండలూ పచ్చబడ్డాయి.

"వాడైతే ఈపాటికి ఒక్కడి బూట్ల దగ్గరే ఉండేవాడక్కా," అని నవ్వాడు.

నేనూ నవ్వాను గానీ, ఈ తొందర నీకు నచ్చేదో లేదో తేల్చుకోలేకపోయాను. నువ్వు సన్న కుంచెతో ముఖం దిద్దడం అయ్యాక, ఒక్కొక్కడికీ మన బజారులో ఒకరి పేరు పెట్టేవాడివి. ఫిరంగి పేల్చేవాడు కిరాణా సుబ్బయ్యగారు. గుర్రం మీద మన లెక్కల మాస్టారు.

ఆట పరిచాం. బాషా ఒక కొత్త సైనికుణ్ణి ముందుకు జరపబోయి ఆగాడు.

"వీడి పేరేంటక్కా?"

"ఇంకా ముఖమే లేదుగా, ఆగు," అని నీ కుంచె తీసుకున్నాను. నా చేతికి నీ నిలకడ లేదు. కళ్లు, కనుబొమలు, చివరికి నీకున్నట్టే పల్చటి మీసం దిద్దేసరికి సాయంత్రమైంది. బాషా వాణ్ణి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. పేరు మళ్లీ అడగలేదు.