నాలుగంగుళాల సిలిండరు

చిట్టి చెల్లికి,

నీ ఉత్తరం నిన్న అందింది. బేకరీ పొయ్యికి కట్టెలు చీల్చే మిషను నువ్వే తయారుచేసుకుంటున్నావంటే సంతోషమే. కానీ "దుంగని నెట్టడానికి పాత ఇనుప సామాన్ల కొట్లో ఐదంగుళాల నూనె సిలిండరు దొరికింది, కాస్త అతుకు ఉంది, రంగు వేసి ఇచ్చాడు, వాడనా?" అని రాశావే, ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను.

వద్దు. నీ దుంగలకి నాలుగంగుళాల వ్యాసం, రెండడుగుల కదలిక ఉన్న కొత్త సిలిండరు చాలు. నీ చిన్న పంపుతో ఐదంగుళాలది నత్తనడక నడుస్తుంది. ఇది మెకానిక్‌గా చెప్పే మాట. అన్నగా చెప్పాల్సింది వేరే ఉంది. పన్నెండేళ్లుగా దాచిపెట్టాను.

నాన్నకి రెండు వేళ్లు పోవడం ఆయన అజాగ్రత్త వల్ల కాదు. ముందురోజు మన పాత కట్టెల మిషను సిలిండరుకి సన్నని పగులు నాకు కనిపించింది. మార్చాలంటే వారం పని ఆగిపోతుంది. నేనే వెల్డింగు చేసి, పైన నల్లరంగు పూసి, ఎవరికీ చెప్పలేదు. మర్నాడు అతుకు విచ్చుకుంది. లోపలి నూనె ఒత్తిడికి సూదిలా చిమ్మి నాన్న చేతిలోకి దూరింది, రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. ఆస్పత్రిలో "లీకుని చేత్తో తడిమాడు" అని చెప్పింది నేనే. అందరూ ఆయన్నే తిట్టారు, అమ్మ కూడా. నేను ఇంటికి రానిది పని ఒత్తిడి వల్ల కాదమ్మా. ఆ చెయ్యి చూడలేక.

ఇది నాన్నకి చెబుతావో, చించేస్తావో నీ ఇష్టం. మిషను మాత్రం ఆపు.

నీ అన్నయ్య


అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చేసరికి ఆ సిలిండరు బిగించేశాను. ఇంజను స్టార్టు చేసి మీట మీద చెయ్యి కూడా వేశాను. అప్పుడే నాన్న కవరు పట్టుకుని గబగబా వచ్చి, "ముందు ఇది చదువు, వాడి చేతిరాత" అన్నాడు. నీ ఉత్తరమంటే ఆయన ఆగలేడు కదా. "వద్దు" అన్న మాట కంటబడగానే ఇంజను ఆపేశాను. రంగు గీకి చూస్తే అతుకు పొడుగునా వెంట్రుకంత చీలిక.

మిగతాది బయటికి చదవడానికి నోరు రాలేదు. కాగితం ఆయన చేతికే ఇచ్చాను. దుంగ మీద కూర్చుని రెండుసార్లు చదివాడు.

"ఆ పొద్దున నల్లరంగు నా వేళ్లకి అంటుకుందే," అన్నాడు చివరికి. "ఇంకా ఆరలేదు. వాడేదో అతుకు వేశాడని అర్థమైంది. నాకూ తొందరే. అడక్కుండా మీట లాగాను."

"మరి ఇన్నేళ్లూ అందరి చేతా మాటలు ఎందుకు పడ్డావు నాన్నా?"

"నోరు విప్పితే వాడు పని మానేస్తాడని భయపడ్డాను. ఇల్లే మానేస్తాడనుకోలేదు."

కొత్త సిలిండరు ఇవాళే వచ్చింది. నాన్న ఆ పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు, నన్ను విప్పనివ్వడం లేదు. నువ్వొచ్చి బిగించాలట. పొయ్యికి ఇంకా రెండు రోజుల కట్టెలే ఉన్నాయి. వెంటనే బయల్దేరు.

నీ చెల్లి