వెనకాల స్విచ్

చెల్లెమ్మా,

ఇక్కడ అందరూ బాగున్నారు, నీ కంప్యూటర్ డాక్టరు తప్ప. మా అత్తగారు వస్తున్నారని, మంచం మీద పేర్చిన నా పాత కంప్యూటర్ల గుట్టను దించాను. ఒకటి వంటింట్లో పాటలకు పెట్టాను, ఒకటి పక్కింటి టీచరుగారికి ఇచ్చాను, మిగతావి తుక్కుకి వేశాను. అట్టడుగున నువ్వు బాగుచేయమని ఇచ్చినది దొరికింది. వెనకాల స్విచ్ ఆపి ఉంది, అంతే. వేయగానే లేచి కూర్చుంది.

"ఇక బాగుపడదని మీ చెల్లికి చెప్పింది దీని గురించేనా?" అంది మీ వదిన. నేనసలు దాన్ని విప్పి చూడలేదమ్మా. నువ్వేమో ఇన్నాళ్లూ అందరూ వెళ్లాక ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని పరీక్షకు చదువుకున్నావు.

దాన్ని రేపు బస్సుకి వేస్తాను. చుట్టిన దుప్పటి మీ వదినది, తిరిగి పంపు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? చల్లగా ఉండు. ఇకమీదట డాక్టరనకు, అన్నయ్యా అంటే చాలు.