పేరు రాయని కాగితం

అమ్మా, నేను బాగానే ఉన్నాను, కడుపులో బిడ్డ కూడా కదులుతోంది. ముందు అది చదివి కుదుటపడు.

మా పరిశోధనలో గర్భిణుల పొట్టకు బెల్టు కట్టి, గర్భసంచి ఎప్పుడెప్పుడు బిగుసుకుంటుందో మిషనుతో కాగితం మీద గీయిస్తాం. మొన్న మిషను పనిచేస్తోందో లేదోనని నాకే కట్టుకుని, పేరు రాయకుండా ఆ కాగితం మిగతావాటిలో కలిపేశాను. డాక్టరమ్మ చూసి, "ఎవరే ఈవిడ? నెలలు నిండకుండానే నొప్పులొచ్చేలా ఉన్నాయి, వెంటనే పిలిపించు!" అంది. పైనున్న టైము చూస్తే అది నాదే. ఏడో నెలలో నడుం లాగడం మామూలే అనుకున్నాను.

ఇక్కడే ఆసుపత్రిలో చేర్చుకుని మందిచ్చారు, మంచం దిగొద్దన్నారు. నాన్నకు బీపీ, మెల్లగా చెప్పు. వంటింటి కుళాయి బాగైందా? నా పాత మెత్తటి దుప్పటి తీసుకురా. చెల్లికి ఆశీస్సులు.

ఇక్కడికొచ్చే ప్రతి అమ్మాయికీ "ఏం కాదమ్మా" అని చెప్పేదాన్ని. ఇప్పుడా మాట నాకు నువ్వొచ్చి చెప్పాలి.

నీ పెద్దది